ఎండీ అనస్థీషియా ఫైనల్ ప్రాక్టికల్: లాంగ్ కేసు, మిషన్ టేబుల్, ఏబీజీలో మార్కులు ఎక్కడ పోతాయి?

స్వర్ణముఖి_పీజీ · రాత్రి 9:48

థియరీ నాలుగు పేపర్లూ అయిపోయాయి. ప్రాక్టికల్ తిరుపతిలోనే, ఇంక మూడు వారాలుంది. అన్నలూ, అక్కలూ, సార్లూ, పుస్తకంలో దొరికే జాబితాలు వద్దు. ఎగ్జామినర్ ఏ మాట దగ్గర పట్టుకుంటాడు, ఏ అంకె తప్పితే వదలడు, అది చెప్పండి. నావి మూడు సందేహాలు. మైట్రల్ స్టెనోసిస్ (గుండె ఎడమవైపు గదుల మధ్య వాల్వ్ సన్నబడటం) ఉన్న ఆవిడ ఫైబ్రాయిడ్ (గర్భాశయ గడ్డ) ఆపరేషన్‌కు లాంగ్ కేసుగా (ఒక పేషెంట్‌ను పూర్తిగా పరీక్షించి వివరించే భాగం) వస్తే ప్లాన్ ఎట్లా నిలబెట్టుకోవాలి? మిషన్ టేబుల్‌లో (అనస్థీషియా మిషన్, సిలిండర్లు పెట్టి అడిగే బల్ల) లెక్కలు ఏ మేరకు అడుగుతారు? ఏబీజీ (ధమని రక్తంలో వాయువులు, ఆమ్లత్వం చూపే పరీక్ష) కాగితం చేతికిస్తే మొదట ఏం పలకాలి?

తలకోన · రాత్రి 10:15

మొదట ఒక మాట తల్లీ. థియరీలో ఒక్కో పేపర్లో 40 శాతం, నాలుగూ కలిపి 50 శాతం రావాలి. ప్రాక్టికల్‌కు విడిగా ఇంకో 50. థియరీలో 65 తెచ్చుకున్నా అవి ఇక్కడ పనికిరావు. నలుగురు ఎగ్జామినర్లలో ఇద్దరు బయటివాళ్లు. సాయంత్రం వాళ్లకు దర్శనం ఉంది కాబట్టి గ్రాండ్ వైవా తొందరగా తేలిపోతుందని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు లెక్కేస్తారు. ఆ లెక్క ఎప్పుడూ తప్పే.

లాంగ్ కేసు దగ్గరికొస్తే, అది మెడిసిన్ వాళ్ల కేసు కాదు. గుండె శబ్దాల మీద పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చి, ఆవిడ నోరెంత తెరుచుకుంటుందో చెప్పకపోతే అక్కడే పట్టుకుంటారు. ప్రెజెంటేషన్ చివర ఒకే వాక్యం ఉండాలి: 'ఫలానా ఆపరేషన్‌కు వచ్చిన, ఫలానా తీవ్రత ఉన్న మైట్రల్ స్టెనోసిస్, రిథమ్ ఇది, ఫెయిల్యూర్ ఉంది లేదా లేదు, రక్తం పలుచనయ్యే మందు మీద ఉంది లేదా లేదు, ఎయిర్‌వే ఇట్లా ఉంది.' తర్వాతి అరగంట ప్రశ్నలన్నీ ఈ వాక్యంలోంచే పుడతాయి. నీకు జవాబు తెలిసిన మాటలే అందులో పెట్టు.

తీవ్రత అంకెలతో చెప్పు. మామూలు వాల్వ్ వైశాల్యం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు. 1.5కు దిగితే తీవ్రం, 1కి దిగితే మరీ తీవ్రం. పాత పుస్తకం చదివినవాళ్లు ఇప్పటికీ 1 కంటే తక్కువైతేనే తీవ్రం అంటారు. ఏ వర్గీకరణతో మాట్లాడుతున్నావో ముందే చెప్పేస్తే గొడవ ఉండదు.

ఎక్కుడు_దిగుడు · రాత్రి 10:31

సార్ చెప్పిన తీవ్రతకు ఎకో రిపోర్టు ఎంత ముఖ్యమో, ఆయమ్మ నోటిమాటా అంతే ముఖ్యం. ఎఫర్ట్ టాలరెన్స్ అడిగేటప్పుడు 'రెండంతస్తులు ఎక్కగలవా' అంటే పల్లె మనిషికి అర్థం కాదు. వాళ్లింట్లో అంతస్తు ఉండదు. మనకు ఇక్కడ అంతకంటే మంచి కొలత ఉంది కదప్పా, కొండ! అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఈ చుట్టుపక్కల పేషెంట్లలో చానామంది ఎప్పుడో ఒకప్పుడు నడిచి ఎక్కినవాళ్లే.

కానీ 'కొండెక్కినావా' అని అడిగి, 'ఎక్కినా సామీ' అనగానే 'నాలుగు మెట్స్ (శ్రమను తట్టుకునే శక్తికి కొలత) కంటే ఎక్కువ' అని రాసేస్తే తప్పు. ఎప్పుడు ఎక్కింది? పోయిన నెలా, పెళ్లయిన కొత్తలోనా? గాలిగోపురం దాకానే నిటారు ఎక్కుడు, ఆ తర్వాత చాలాదూరం దాదాపు చదునే. అందుకని అడగాల్సింది 'గాలిగోపురం దాకా ఎన్నిసార్లు కూర్చున్నావు, కూర్చున్నది కాళ్లనొప్పికా ఆయాసానికా, నీతో వచ్చినోళ్లు ముందుకు వెళ్లిపోయినారా' అని. మోకాళ్లపర్వతం దగ్గర కాళ్లు పట్టేయడం వేరు, గుండె దడ వేరు. ఐదేళ్ల కింద ఆగకుండా ఎక్కినామె ఈ ఏడాది బస్సులో పోయిందంటే, ఎందుకని అడుగు. హిస్టరీ అక్కడుంటుంది.

రాత్రి ఎన్ని దిండ్లు, పడుకున్నాక ఎగశ్వాసతో లేచి కూర్చోవడం ఉందా, దగ్గితే ఎర్రచారలు పడతాయా అన్నవి తెలుగులోనే అడుగు. నగరి, సత్యవేడు వైపు వాళ్లయితే అరవంలో నాలుగు మాటలు నేర్చుకుని పెట్టుకో. గోరింటాకు పెట్టుకుని ఉంటే పల్స్ ఆక్సీమీటర్ వేలు మార్చి చూడు, ఎందుకు మార్చావని అడుగుతారు.

స్వర్ణముఖి_పీజీ · రాత్రి 10:40

ఎగ్జామినర్ ముందు మర్మర్ (గుండెలో వినిపించే అదనపు శబ్దం) వినిపించకపోతే?

తలకోన · రాత్రి 10:52

ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టు. ఎపెక్స్ (గుండె కొన కొట్టుకునే చోటు) వేలితో వెతికి, స్టెత్ బెల్ భాగం తేలిగ్గా ఆనించు. గట్టిగా నొక్కితే చర్మం బిగుసుకుని అదే డయాఫ్రమ్ అవుతుంది, తగ్గు స్థాయి శబ్దం పోతుంది. ఊపిరి బయటికి వదిలి ఆపమను. అయినా వినపడకపోతే వినపడలేదనే చెప్పు. మొదటి శబ్దం గట్టిగా ఉంది, ఎపెక్స్ తట్టుతోంది అని చెప్పగలిగితే చాలు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పైగదులు లయ తప్పి అదరడం) ఉన్న పేషెంట్‌లో ప్రీసిస్టోలిక్ యాక్సెంచుయేషన్ (కుదింపుకు కాస్త ముందు మర్మర్ గట్టిపడటం) విన్నానంటే మాత్రం నువ్వు వినలేదు, చదివావు అని తెలిసిపోతుంది. ఏట్రియం కుదించుకోనప్పుడు అది ఎక్కడి నుంచి వస్తుంది?

నీవా_నది · రాత్రి 11:06

ప్లాన్ సంగతి నేను రాస్తాను. మైట్రల్ స్టెనోసిస్‌లో అన్నీ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాయి: డయాస్టోల్ సమయం, అంటే గుండె వదులై రక్తం నింపుకునే సమయం. సన్నని వాల్వ్‌లోంచి రక్తం దిగడానికి టైమ్ కావాలి. గుండె వేగం పెరిగితే తగ్గిపోయేది డయాస్టోలే. ప్రవాహం రెట్టింపైతే వాల్వ్‌కు అటూ ఇటూ ఒత్తిడి తేడా నాలుగు రెట్లవుతుంది, ఆ ఒత్తిడి ఊపిరితిత్తుల మీదికి పోతుంది, పల్మనరీ ఎడీమా (ఊపిరితిత్తుల్లో నీరు). ఈ వరుస నోటికొస్తే మందులన్నీ దానంతటవే వస్తాయి.

కెటమిన్, అట్రోపిన్, పాన్‌క్యురోనియం వద్దు. ఎటోమిడేట్ కేజీకి 0.2 నుంచి 0.3 ఎంజీ, ఫెంటానిల్ 2 నుంచి 3 మైక్రోగ్రాములు. లారింగోస్కోపీకి ఎస్మొలాల్ కేజీకి 0.5 ఎంజీ లోడ్ చేసి పక్కన. బీపీ పడితే ఎఫెడ్రిన్ కాదు, ఫినైలెఫ్రిన్ 50 నుంచి 100 మైక్రోగ్రాములు. ఎందుకంటే అది వేగం పెంచకుండా రక్తనాళాల బిగువు తెస్తుంది. పల్మనరీ ప్రెషర్ ఎక్కువగా ఉంటే నైట్రస్ వదిలేయి. కార్బన్ డయాక్సైడ్ పెరగనివ్వొద్దు, చలి తగలనివ్వొద్దు. రివర్సల్‌లో (చివర కండరాల మందు ప్రభావం తీసేసేటప్పుడు) గ్లైకో (గ్లైకోపైరొలేట్), నియోస్టిగ్మిన్ నిదానంగా.

ఒక్కసారి ఇచ్చే ఫుల్ డోస్ స్పైనల్ (వెన్నులోకి మత్తు సూది) చెప్పావంటే తలనొప్పే. ఎస్‌వీఆర్ (రక్తనాళాల బిగువు) ఒక్కసారిగా పడిపోతుంది, దానికి గుండె వేగం పెంచుకుంటుంది, రెండూ నష్టమే.

ఎక్కుడు_దిగుడు · రాత్రి 11:19

నదిగారూ, స్పైనల్ అనగానే ఫెయిల్ అన్నట్టు చెప్పొద్దు. మైల్డ్ స్టెనోసిస్, సైనస్ రిథమ్, ఫెయిల్యూర్ లేదు అన్నప్పుడు తక్కువ డోసు సీఎస్‌ఈనో (స్పైనల్, ఎపిడ్యూరల్ కలిపి), కొద్దికొద్దిగా పెంచే ఎపిడ్యూరలో (వెన్నులో సన్న గొట్టం ద్వారా మత్తు) సమర్థించుకోవచ్చు. పరీక్షలో 'చేయకూడదు' అన్నదానికంటే 'ఈ పేషెంట్‌లో ఎందుకు ఎంచుకోలేదు' అన్న జవాబుకు విలువ జాస్తి.

నీవా_నది · రాత్రి 11:27

ఒప్పుకుంటా. మోతాదు పెంచుతూ పోయేదయితే నాకూ అభ్యంతరం లేదు. అయితే వార్ఫరిన్ మీద ఉన్న మనిషికి ఎపిడ్యూరల్ చెప్పి, ఐదు రోజుల ముందు ఆపాలి, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే పరీక్ష) 1.4 లోపు చూడాలి, మధ్యలో ట్రీట్‌మెంట్ డోసు ఎల్ఎండబ్ల్యూహెచ్ (హెపారిన్ రకం సూది) నడుస్తుంటే సూదికి ముందు 24 గంటలు గ్యాప్, ప్రొఫిలాక్టిక్ డోసయితే 12 గంటలు అన్నవి చెప్పకపోతే ఆ ప్లాన్ నిలవదు.

ఇంకో గుంట ఉంది, ఏటా ఒకరిద్దరు పడతారు. 'ఎండోకార్డైటిస్ ప్రొఫిలాక్సిస్ ఇస్తాను' (గుండె వాల్వ్‌కు ఇన్ఫెక్షన్ రాకుండా ముందే యాంటీబయాటిక్) అనేస్తారు. సొంత వాల్వ్ మీద రుమాటిక్ స్టెనోసిస్ మాత్రమే ఉంటే ఇప్పటి సూచనల ప్రకారం అది అక్కర్లేదు. కృత్రిమ వాల్వ్, ముందు ఎండోకార్డైటిస్ వచ్చి ఉండటం, కొన్ని పుట్టుకతో వచ్చే గుండెజబ్బులు, వీటికే, అదీ ముఖ్యంగా పంటి చికిత్సల్లో. రుమాటిక్ ఫీవర్ మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి వేసే 12 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్ వేరే సంగతి, అది ఆపకూడదు. ఈ రెండింటినీ కలిపేస్తే పది నిమిషాలు అక్కడే తిప్పుతారు.

బెయిన్_గొట్టం · ఉదయం 6:10

నమస్తే డాక్టర్లందరికీ. నేను ఓటీ టెక్నీషియన్‌ని, మిషన్ టేబుల్ గురించి రాస్తా. పిన్ ఇండెక్స్ (తప్పు సిలిండర్ ఎక్కకుండా పెట్టిన పిన్నుల స్థానాలు) అంకెలు అందరూ అప్పజెప్తారు: ఆక్సిజన్ 2, 5, నైట్రస్ 3, 5, గాలి 1, 5, ఎంటొనాక్స్ (ఆక్సిజన్, నైట్రస్ కలిపినది) 7. అప్పజెప్పాక 'ఇప్పుడు సిలిండర్ బిగించు' అంటారు. అక్కడ చేతులు వణుకుతాయి. ముందు సిలిండర్ వాల్వ్ చిటికెడు తెరిచి మూయాలి, దుమ్ము పోవడానికి. తర్వాత బోడాక్ సీల్ (లీక్ కాకుండా వేసే వాషర్) ఉందా, చిట్లిందా చూడాలి. ఒక్కటే ఉండాలి, లీకవుతోందని రెండు వేస్తే పిన్నులు సరిగ్గా దిగవు, తప్పు సిలిండర్ ఎక్కే ప్రమాదం. నూనె, గ్రీజు చెయ్యి తగలకూడదు. బిగించాక నిదానంగా తెరిచి, గేజీ చూసి, లీక్ విని, అప్పుడు చెప్పాలి.

నైట్రస్ గేజీ 745 పీఎస్ఐ (ప్రెషర్ కొలమానం) చూపిస్తే నిండుగా ఉంది అనొద్దు. లోపల ద్రవం ఉన్నంతసేపూ అదే చూపిస్తుంది, పడటం మొదలయ్యేసరికి మిగిలింది నాలుగో వంతో ఐదో వంతో. ఎంతుందో తెలియాలంటే తూకమే. సిలిండర్ మీద కొట్టిన ఖాళీ బరువు తీసేసి, మిగిలిన గ్రాములను 44తో భాగించి 24తో హెచ్చిస్తే లీటర్లు. కేజీ తేడా ఉంటే 545 లీటర్ల దాకా. ఎక్కువ ఫ్లోతో వాడితే సిలిండర్ చల్లబడి మంచు పట్టి ప్రెషర్ కాసేపు తగ్గుతుంది, అది ఖాళీ అవడం కాదు.

బెయిన్ సర్క్యూట్ (గొట్టంలో గొట్టం ఉన్న శ్వాస సర్క్యూట్) చేతికిస్తే పరీక్ష రెండు రకాలుగా చేసి చూపించు. ఒకటి, ఆక్సిజన్ ఫ్లో పెట్టి, పేషెంట్ చివర లోపలి గొట్టాన్ని 2 ఎంఎల్ సిరంజి పిస్టన్‌తో మూయి. ఫ్లోమీటర్ బాబిన్ (లోపల తేలే సూచిక) కిందికి దిగాలి. దిగలేదంటే గ్యాస్ ఎక్కడో బయటికి పోతోంది. రెండోది పెథిక్ టెస్టు. పేషెంట్ చివర మూసి, వాల్వ్ మూసి, బ్యాగు నింపు. చివర వదిలేసి ఆక్సిజన్ ఫ్లష్ నొక్కు. లోపలి గొట్టం బాగుంటే వేగంగా పోయే గ్యాస్ బయటి గొట్టంలోంచి లాగేసుకుని బ్యాగు ముడుచుకుంటుంది. ఊడిపోయి ఉంటే బ్యాగు ఉబ్బుతుంది. ఊడిన గొట్టమంటే బయటి గొట్టమంతా డెడ్ స్పేసే (వదిలిన గాలినే మళ్లీ పీల్చే చోటు), అందుకే ఇంత గొడవ.

చిత్తూరు_డీఎన్‌బీ · ఉదయం 7:02

అన్నా, సిలిండర్ ఎంతసేపు వస్తుందో లెక్క ఒకటి చెప్పండి. వెంటిలేటర్ కలిపితే నాకు ఎప్పుడూ తప్పుతుంది.

బెయిన్_గొట్టం · ఉదయం 7:30

మిషన్‌కు బిగించే E సైజు ఆక్సిజన్ సిలిండర్ నిండుగా 2000 పీఎస్ఐ, సుమారు 660 లీటర్లు. గేజీ 500 చూపిస్తే నాలుగో వంతు, 165 లీటర్లు. ఫ్లోమీటర్లో 3 లీటర్లు పెడితే 55 నిమిషాలు. ఇక్కడ ఆపేస్తారు అందరూ. బెలోస్ వెంటిలేటర్ ఆక్సిజన్‌తో తోస్తుంటే దాదాపు మినిట్ వాల్యూమ్ అంత ఆక్సిజన్ తోయడానికే పోతుంది. 6 లీటర్లనుకో, 3 కలిపితే 9. 165ను 9తో భాగిస్తే 18 నిమిషాలే. అందుకే పైప్‌లైన్ పోయినప్పుడు చేత్తో బ్యాగు పట్టమనేది.

దీని వెంబడే వచ్చే ప్రశ్న: పైప్‌లైన్లో ఆక్సిజన్ బదులు వేరే గ్యాస్ వస్తోందని అనుమానం, ఏం చేస్తావు? 'సిలిండర్ తెరుస్తాను' అంటే సగం జవాబే. పైప్‌లైన్ గొట్టం పీకేయాలి. పైప్‌లైన్ ప్రెషర్ సుమారు 55 పీఎస్ఐ, సిలిండర్ రెగ్యులేటర్ దాటి వచ్చేది 45. పీకకపోతే మిషన్ ఎక్కువ ప్రెషర్ ఉన్న పైప్‌లైన్ గ్యాసునే లాక్కుంటుంది, సిలిండర్ తెరిచి ఉన్నా వృథా.

తలకోన · ఉదయం 8:15

పై పోస్టు ప్రింటు తీసి గోడకు అంటించుకోండి. ఇప్పుడు ఏబీజీ ఒకటి ఇస్తాను, ఎవరైనా చేయండి. కాలి పుండుకు డిబ్రైడ్‌మెంట్ కోసం వచ్చిన షుగర్ పేషెంట్, ఓటీ బయట స్ట్రెచర్ మీద. పీహెచ్ 7.12, పీసీఓ2 32, బైకార్బ్ 10, సోడియం 138, క్లోరైడ్ 100. షుగర్ 480.

స్వర్ణముఖి_పీజీ · ఉదయం 8:41

మెటబాలిక్ ఎసిడోసిస్. పీసీఓ2 40 కంటే తక్కువ కాబట్టి రెస్పిరేటరీ కాంపెన్సేషన్ జరుగుతోంది. యానియన్ గ్యాప్ (సోడియంలోంచి క్లోరైడ్, బైకార్బ్ తీసేస్తే మిగిలేది) 138 లోంచి 110 తీస్తే 28, హై గ్యాప్. డీకేఏ (షుగర్ జబ్బులో కీటోన్లతో రక్తం ఆమ్లమవడం).

తలకోన · ఉదయం 8:58

గ్యాప్ సరిగ్గా వేశావు. మిగతాది సరిగ్గా ఎగ్జామినర్ కోరుకున్న తప్పు. బైకార్బ్ 10 అయితే ఉండాల్సిన పీసీఓ2 ఎంత? విన్టర్ సూత్రం: 1.5 ఇంటూ 10, ప్లస్ 8, అంటే 23, రెండు అటూ ఇటూ. ఈయనకు 32 ఉంది. 40 కంటే తక్కువే, కానీ ఉండాల్సినదానికంటే ఎక్కువ. అంటే కాంపెన్సేషన్ కాదు, మీద ఇంకో రెస్పిరేటరీ ఎసిడోసిస్. రొప్పి రొప్పి అలిసిపోతున్నాడు, లేదా వార్డులో ఎవరో మత్తిచ్చారు. డెల్టా కూడా చెప్పు: గ్యాప్ మామూలు 12 నుంచి పెరిగింది 16, బైకార్బ్ మామూలు 24 నుంచి తగ్గింది 14, దాదాపు సమానం, వేరే మెటబాలిక్ సమస్య దాగి లేదు. ఆల్బుమిన్ తక్కువుంటే ప్రతి గ్రాముకు గ్యాప్‌కు 2.5 కలపడం మర్చిపోకు.

అసలు ప్రశ్న ఇప్పుడొస్తుంది: ఇంట్యుబేట్ చేసి వెంటిలేటర్ ఎట్లా పెడతావు? చేతివాటంగా 12 రేటు, 450 టైడల్ అని పీసీఓ2 40కి తెస్తే, అదే బైకార్బ్ 10కి పీహెచ్ 7.02 దాకా దిగిపోతుంది. మనిషి సొంతంగా చేసుకుంటున్న పనిని మనం స్కోలిన్ (కండరాలను పూర్తిగా వదులు చేసే మందు) వేసి ఆపేశాం కదా. రేటు ఎక్కువ పెట్టాలి, ట్యూబు వేసేటప్పుడు ఆగే వ్యవధి వీలైనంత తక్కువ ఉండాలి. పుండు మరీ అర్జెంటు కాకపోతే ముందు ఫ్లూయిడ్, ఇన్సులిన్, పొటాషియం చూసుకుని తర్వాత టేబుల్ మీదికి. బైకార్బొనేట్ పోస్తానని తొందరపడొద్దు, డీకేఏలో సాధారణంగా పీహెచ్ 7.0 కింద ఉంటేనే దాని ఊసు.

స్వర్ణముఖి_పీజీ · ఉదయం 9:05

40 చూసి ఆగిపోయాను సార్. ఇకమీదట ముందు 1.5 లెక్కే.

నీవా_నది · మధ్యాహ్నం 1:20

షార్ట్ కేసుల్లో నోటి క్యాన్సర్, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ ఎక్కువ. నోరు ఒక వేలు కూడా తెరుచుకోదు. 'స్కోలిన్ ఇస్తే తెరుచుకుంటుంది' అన్న జవాబు ప్రాణాంతకం. అక్కడ బిగిసింది కండరం కాదు, నారపట్టిన శ్లేష్మపొర. మందు ఇచ్చినా అది అట్లనే ఉంటుంది, పేషెంట్ శ్వాస మాత్రం ఆగిపోతుంది.

మెలకువలో ముక్కు ద్వారా ఫైబర్ ఆప్టిక్ (కెమెరా గొట్టంతో ట్యూబు వేయడం) అంటారు అందరూ. వెంటనే 'లిగ్నోకేన్ మొత్తం ఎంత అయింది' అని అడుగుతారు. 45 కేజీల మనిషికి కేజీకి 9 ఎంజీ పైమెట్టు, అంటే 405. నెబ్యులైజేషన్‌కు 4 శాతం 4 ఎంఎల్, 160 ఎంజీ. రెండువైపులా సుపీరియర్ లారింజియల్ బ్లాక్ 2 శాతం రెండేసి ఎంఎల్, 80. ట్రాన్స్‌ట్రాకియల్ 4 శాతం 2 ఎంఎల్, 80. 10 శాతం స్ప్రే ఒక్కో నొక్కుకు 10 ఎంజీ, ఐదు నొక్కులు 50. మొత్తం 370. ఇక స్కోపులోంచి చల్లడానికి మిగిలింది 35 మాత్రమే. ఈ కూడిక చేసి చూపించినవాళ్లను నెబ్యులైజేషన్లో కొంత పోతుంది కదా అని మెల్లగా రెచ్చగొడతారు. అవును, పోతుంది. అయినా లెక్కలో పూర్తిగానే వేస్తాను అను.

గ్లైకో 0.2 ఎంజీ ముందే పడాలి. నోరు ఎండకపోతే మందు శ్లేష్మపొరకు అంటదు. జైలోమెటాజోలిన్ చుక్కలు రెండు ముక్కుల్లోనూ. చివరి దారి కూడా సిద్ధం: గొంతు ముందు కోసి గాలి పంపడానికి 10 నంబరు బ్లేడు, బూజీ (ట్యూబుకు దారి చూపే సన్న కడ్డీ), 6 సైజు కఫ్ ట్యూబు. మెడకు రేడియేషన్ అయ్యుంటే క్రికోథైరాయిడ్ పొరను ముందే వెతికి గుర్తు పెట్టుకోవాలి. 2016 ఐడా (ఆలిండియా డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్) మార్గదర్శకాల బొమ్మ గీయమంటారు, చెయ్యి తిరిగేదాకా గీయండి.

చిత్తూరు_డీఎన్‌బీ · మధ్యాహ్నం 2:05

డ్రగ్ టేబుల్లో బుపివకేన్ (తిమ్మిరి మందు) ఇచ్చి ఏం అడుగుతారు?

ఎక్కుడు_దిగుడు · మధ్యాహ్నం 2:33

ముందు లేబుల్ చదువు, గుర్తుపట్టినానని చదవకుండా చెప్పొద్దు. 4 ఎంఎల్ ఆంప్యూల్ హెవీ (వెన్నులోకి ఇచ్చే బరువైన రకం), ఒక్కో ఎంఎల్‌లో 80 ఎంజీ డెక్స్‌ట్రోజ్. 20 ఎంఎల్ వయల్ ప్లెయిన్. శాతాన్ని పదితో హెచ్చిస్తే ఎంఎల్‌లో ఎన్ని ఎంజీలో వస్తుంది. 50 కేజీలకు 2 ఎంజీ చొప్పున 100 ఎంజీ, అంటే 0.5 శాతం సరిగ్గా ఒక వయల్. రెండో వయల్ పగలగొట్టే ముందు చెయ్యి ఆగాలి.

టాక్సిసిటీ వస్తే 20 శాతం లిపిడ్ కేజీకి 1.5 ఎంఎల్: 75 ఎంఎల్ ఒక నిమిషంలో. తర్వాత నిమిషానికి కేజీకి 0.25, అంటే 12.5 ఎంఎల్. మొత్తం 12 ఎంఎల్ చొప్పున 600 దాటకూడదు. అడ్రినలిన్ మామూలు 1 ఎంజీ కాదు, కేజీకి 1 మైక్రోగ్రాము లోపే. ప్రొపోఫాల్ కూడా కొవ్వులోనే ఉంది కదా అన్న అతితెలివి జవాబు వద్దు. అది 10 శాతం కొవ్వు, పైగా అంత పోస్తే గుండే ఆగుతుంది.

చిత్తూరు_డీఎన్‌బీ · మధ్యాహ్నం 2:50

థ్యాంక్స్ అన్నా. మా డీఎన్‌బీలో (ఎండీకి సమానమైన జాతీయ బోర్డు పరీక్ష) పేపరుకు పది షార్ట్ నోట్స్, ఒక్కోదానికి పది మార్కులు, మూడు గంటలు, కాబట్టి ఇట్లా అంకెలతో రాయడం అలవాటైంది. ప్రాక్టికల్ వేరే ఊళ్లో. జేబులో ఏమేం ఉండాలి?

తలకోన · సాయంత్రం 4:12

స్టెత్, టార్చి, నాలుక అదిమే చెక్క, సెకన్ల ముల్లు ఉన్న వాచీ, టేపు. ఊపిరి ఎన్ని సెకన్లు బిగపట్టిందో చూడటానికి సెల్‌ఫోన్ తీయొద్దు. లాగ్‌బుక్ సంతకాలు ముందురోజు కాదు, ఈ వారమే.

స్వర్ణముఖి_పీజీ · సాయంత్రం 4:20

టేపు మర్చిపోతే వేళ్లతో కొలవొచ్చా సార్? మూడు వేళ్లు పడితే చాలు కదా.

తలకోన · సాయంత్రం 4:26

పడాల్సింది పేషెంట్ వేళ్లు తల్లీ, నీవి కాదు.